పంచదార – చూ. చక్కెర

కాస్త జరగండి, నేనూ కూర్చుంటాను. ఇందాకటినుంచీ చూస్తున్నాను, మీరందరూ ఫోన్లు పట్టుకుని "ఇది నిజమేనంటారా? అది నిజమేనంటారా?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. నవ్వొచ్చింది. ఎందుకంటే ఒకప్పుడు ఆ ఫోన్లలోకి ఒక అబద్ధాన్ని చేతులారా ఎక్కించిన పెద్దమనిషిని నేనే.

మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఈ కథ అంతకు రెండేళ్ల ముందుది. మొహాలు అలా పెట్టకండి. ఇది ఆవిడ గెలిచిన కథ. ఆవిడ గెలిచిన కథలు చెప్పుకోవడం నాకిష్టం. సరుకు కూడా పుష్కలంగా ఉంది.

నేను ముప్పయ్యారేళ్లు లైబ్రరీలో కేటలాగు రాసేవాణ్ణని మీకు తెలుసు. పుస్తకం వస్తే దానికో కార్డు రాయాలి, వెతికేవాడికి దారి చూపాలి. వాడు "ఏనుగు" అని వెతుకుతాడో "గజం" అని వెతుకుతాడో మనకు తెలియదు. అందుకని "గజం" అని ఒక కార్డు పెట్టి, దాని మీద "చూ. ఏనుగు" అని రాస్తాం. "చూ." అంటే చూడుడు. అంతే, మా విద్యంతా అందులో ఉంది.

రిటైరైనప్పుడు లైబ్రరీవాళ్లు నాకు రెండు వస్తువులు ఇచ్చారు. పారేయబోతున్న పేము కుర్చీ ఒకటి, మిగిలిపోయిన ఖాళీ కార్డుల పెట్టె ఒకటి. కుర్చీని ముందుగదిలో కిటికీ పక్కన వేశాను. కార్డులున్నాయి, రాయడానికి పుస్తకాలు లేవు. కానీ వంటిల్లుంది.

"ఇదేమిటండీ, ఇక్కడ రెండు డబ్బాలెందుకు?" అంది మా ఆవిడ.

"ఒకదాంట్లో చక్కెర. దాని మీద చక్కెర అని రాశాను."

"రెండోది?"

"చదువు."

చదివింది. "పంచదార – చూ. చక్కెర." మూత తీసింది. "ఖాళీగా ఉందే!"

"ఉండాలి మరి. అది డబ్బా కాదు, దారి. వెతికేవాళ్లు ఏ పేరుతో వెతుకుతారో మనకేం తెలుసు?"

"ఈ వంటింట్లో వెతికేదాన్ని నేనొక్కదాన్నే. నేను చక్కెరనే అంటాను."

"రేపెవరైనా కొత్తవాళ్లొస్తే?"

"వస్తే నన్నడుగుతారు. డబ్బానెందుకు అడుగుతారు?"

అయినా ఆ ఖాళీ డబ్బాను ఆవిడ తీసేయలేదు. పెద్ద గొడవ కోసం ఓపిక దాచుకునే మనిషి.

పెద్ద గొడవ కిటికీ గురించి వచ్చింది.

మా ఇంట్లో సరైన వెలుతురొచ్చే కిటికీ అదొక్కటే. మిగతా కిటికీలు తెరిస్తే పక్కింటి గోడ పలకరిస్తుంది. ఆవిడేమో వీధిలో పిల్లలకి గౌన్లు కుట్టిపెట్టడం మొదలెట్టింది. వంటింటి మూల బల్బు కింద కూర్చుని, నల్లగుడ్డ మీద నల్లదారంతో కుడుతూ, గుడ్డని తిడుతోందో నన్ను తిడుతోందో తెలియకుండా తిట్టేది. మిషను కిటికీ దగ్గరికి రావాలంటే నా కుర్చీ పోవాలి. ఒకవైపు నా పుస్తకాల బీరువా, ఒకవైపు కుర్చీ. మధ్యలో చీపురు కూడా పట్టదు.

"ఆ కుర్చీ తీసేద్దామండీ. అసలు మీరక్కడ చదివేదేముంది? పుస్తకం ముక్కుకి ఆనించి వాసన చూస్తున్నారు. కళ్ల డాక్టరమ్మ దగ్గరికి రమ్మంటే రారు."

"నా కళ్లకేమీ కాలేదు. ఈ మధ్య అచ్చులు పాడయ్యాయి."

"అన్ని పుస్తకాలకీ ఒకేసారా?"

నేను "ఊఁ" అన్నాను. ఇది నా ఆయుధం. ఏమడిగినా "ఊఁ" అని పుస్తకం ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుంటే ఆవిడ వెళ్లిపోయేది.

ఆ ఏడాది మా అమ్మాయి ఆవిడకో ఫోను కొనిచ్చింది. అప్పటినుంచి ఆవిడకీ ఆయుధం దొరికింది.

"ఏమండీ, పాత పేము కుర్చీల్లో కూర్చుంటే నడుం పట్టేస్తుందట."

"ఎవరన్నారు?"

"ఫోన్లో ఉంది."

"ఫోన్లో ఎవరు?"

"ఎవరేమిటండీ, ఫోన్లో ఫోనే ఉంటుంది."

నేను ముప్పయ్యారేళ్లు ప్రతి చదువరికీ చెప్పిన మాట ఒక్కటే: ఏం రాశారని చూసేముందు ఎవరు రాశారని చూడండి. ఊరంతా విన్నారు. ఇంట్లో మాత్రం, బయట వాన పడుతోందని నేను చెబితే, ఆవిడ ఫోన్లో చూసి "అవునండోయ్!" అనేది.

అప్పుడు తట్టింది నాకు. నా మాట వినదు, ఫోను మాట వింటుంది. అయితే ఫోనులోకి నేను దూరితే సరి!

ఆవిడ పొద్దున్నే టీ తాగుతూ చదివే సైటొకటి ఉండేది. జనం సందేహాలు అడుగుతారు, జనమే జవాబులు రాస్తారు. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసేవేళ నా ఫోనులో అందులో చేరాను. ఏదైనా పేరు పెట్టుకోమంది సైటు. "పెద్దాయన" అని కొట్టాను. ఆ పేరు ఇంకొకరు తీసుకున్నారంది. పెద్దాయన 2 అన్నాను. అదీ పోయింది. అలా ఎక్కుతూ ఎక్కుతూ పోతే చివరికి "పెద్దాయన 47" ఖాళీగా ఉంది. నాకంటే ముందే నలభై ఆరుగురు మొగుళ్లు అక్కడికి చేరుకున్నారన్నమాట! మనసుకి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ముందు ప్రశ్న కావాలిగా? "ఒక అక్క" అని ఇంకో పేరు పెట్టుకుని నేనే అడిగాను: "మా ఇంట్లో కిటికీ పక్కన పాత పేము కుర్చీ ఉంది. తీసెయ్యొచ్చా?" తరవాత పెద్దాయన 47గా మారి నేనే చెప్పాను: "తీయరాదు. పేము వెన్నుకు ఊతం. అందులో రోజూ రెండు గంటలు కూర్చునే మగవారికి మోకాళ్లు పట్టవు. కుట్టుమిషను కిటికీ దగ్గర పెడితే ఎండకు దారం పిగులుతుంది. చూ. ఎండ."

మర్నాడు పొద్దున్న పేపరు వెనక దాక్కుని కూర్చున్నాను. ఆవిడ చదువుతోంది. టీ గుక్క ఆగింది. పొలమారి దగ్గింది.

"ఏమండీ," అంది చివరికి, "ఇక్కడెవరో పెద్దాయన కుర్చీ తీయొద్దంటున్నాడు."

"ఎవరో ఏమో! ఇలాంటివి నమ్మొచ్చో లేదో," అన్నాను, గొంతు వీలైనంత చప్పగా పెట్టి.

"అబ్బే, చాలా చదువుకున్నవాడిలా ఉన్నాడండీ. ఉంచేద్దాం లెండి."

నేను పేపరు తిరగేసి పట్టుకున్నానన్న సంగతి అప్పుడు చూసుకున్నాను.

అక్కడితో ఆగితే నేను మీకింత కథ చెప్పేవాణ్ణి కాదు. రుచి మరిగాను. మధ్యాహ్నం పూట రెండో టీ జ్ఞాపకశక్తికి మంచిదని పెద్దాయన 47 సెలవిచ్చాడు. రెండో టీ వచ్చింది. రిటైరైన భర్తను ఉదయం తొమ్మిదిలోపు కూరగాయలకు పంపితే ఆయుష్షు తగ్గుతుందన్నాడు. మర్నాడు ఆవిడే సంచీ తీసుకుని వెళ్లింది. అంతేకాదు, నాకు అభిమానులు పుట్టుకొచ్చారు. సోదరి 12, సోదరి 30, ఒక తల్లి, ఓ గృహిణి... రోజుకొకరు ఏదో ఒకటి అడిగేవారు. "మావారు టీలో మూడు చెంచాల చక్కెర వేసుకుంటారు, ఏం చేయమంటారు?" అని ఒకామె. "మావారు అడిగినదానికి జవాబివ్వరు," అని ఇంకొకామె. అయ్యో పాపం, ఎలాంటి మొగుళ్లురా నాయనా అనుకుని, పేజీన్నర పేజీన్నర రాసేవాణ్ణి. అన్నిటి చివరా "చూ." తప్పనిసరి. చేతి అలవాటు.

ఇంతలో ఎదురింటి రేడియో వదినగారు నా కుర్చీ జవాబుని చూసింది. ఆవిడకా పేరు నేను పెట్టిందే. విన్నది ఏదైనా గంటలో వీధి చివరిదాకా వినిపించగలదు. వదినగారు పంపితే మరొకరికి, వాళ్లు పంపితే ఇంకొకరికి, నాలుగు రోజులు ఊరంతా తిరిగి అది నా ఫోనుకే వచ్చింది. నేను పుట్టించినదాన్ని నేనే గుర్తుపట్టలేకపోయాను. "ప్రముఖ వైద్యులు కనిపెట్టిన రహస్యం! పేము ముక్క నానబెట్టిన నీళ్లు పరగడుపున తాగితే మోకాళ్ల నొప్పులు మాయం! పదిమందికి పంపండి!"

రేడియో వదినగారి అత్తగారికి మోకాళ్ల నొప్పులు.

చెప్పులు వేసుకోకుండానే వీధి దాటాను. ఆ పెద్దావిడ వంటింట్లో గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. గ్లాసులో గోధుమరంగు నీళ్లు. పక్కన అంచు విరిగిన పేము బుట్ట.

"పిన్నిగారూ, తాగకండి!"

"ఎందుకు నాయనా?"

"అది అబద్ధం."

"ఫోన్లో వచ్చింది."

"నేను ముప్పయ్యారేళ్లు లైబ్రరీలో చేశాను. ఏ పుస్తకంలోనూ అలా లేదు."

"పుస్తకాల్లో ఎలా ఉంటుంది నాయనా? కొత్తగా కనిపెట్టారు. ప్రముఖ వైద్యులు."

ఆ ప్రముఖ వైద్యుణ్ణి నేనేనని నోటిదాకా వచ్చింది. నోరు దాటలేదు. వదినగారు గుమ్మంలో నిలబడి ఉంది మరి, చెవులు రెండూ తెరుచుకుని. చెప్పానంటే మా ఆవిడకి నాకంటే ముందు తెలుస్తుంది. సిగ్గుతో చచ్చిపోతూ, గ్లాసు మాత్రం లాక్కుని మొక్కలో పోశాను.

"తాగక్కర్లేదు పిన్నిగారూ. అసలు రాసినదాంట్లో కూర్చోమనే ఉంది. కూర్చుంటే చాలు."

"ఏ కుర్చీలో?" అంది పెద్దావిడ. "మా బుట్టలో కూర్చోలేను కదా!"

అలా అయింది. మర్నాడు పదింటికి పిన్నిగారు వచ్చి నా కుర్చీలో కూర్చుంది. పన్నెండింటిదాకా కూర్చుంది. ఆవిడ లేవగానే వీధి చివర మందుల షాపాయన. మందుల షాపాయనండీ! ఆయన తరవాత రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఈలతో సహా. ఆయన రెండు గంటలు గడియారం చూసుకుని కూర్చునేవాడు, తరవాతివాళ్లు తొందరపెడితే ఈల ఊదేవాడు. నా కిటికీ, నా కుర్చీ, నా వెలుతురు. నేనేమో వంటింటి మూల బల్బు కింద, మా ఆవిడ మిషను పక్కన పీట మీద.

"పాపం, మీకు చోటు లేకుండా పోయిందే," అంది ఆవిడ, దారం ఎక్కిస్తూ.

"అందరి మోకాళ్లూ బాగుపడనీ," అన్నాను.

"మీ మనసు వెన్నండీ."

మొదటిసారి గమనించాను, ఆ బల్బు కింద సూదిలో దారం ఎక్కించడానికి ఆవిడకి ఏడుసార్లు పట్టింది. చూసి ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చు.

ఆ మధ్యాహ్నమే సైటులో దిద్దుబాటు రాశాను: "పేము నీళ్లు తాగరాదు. కుర్చీ గురించి నేను రాసినదానికి కూడా ఆధారం లేదు. క్షమించండి." అబద్ధానికి ఊరంతా చుట్టి రావడానికి నాలుగు రోజులు పట్టింది కదా, నిజం నాలుగు రోజుల్లో గుమ్మం కూడా దాటలేదు. మెచ్చుకున్నవాళ్లు ఒక్కరే. సోదరి 12.

ఆ సోదరి 12 నుంచే రెండ్రోజుల తరవాత ప్రశ్న వచ్చింది. "పెద్దాయన గారూ, తప్పు ఒప్పుకున్న మనిషి కనుక మిమ్మల్నే అడుగుతున్నాను. మావారికి చూపు మందగించింది. పుస్తకాలు చదవడం ఆయనకు ప్రాణం. డాక్టరు దగ్గరికి రమ్మంటే అచ్చు బాగోలేదంటారు. మొన్న వీధి దాటుతుంటే సైకిలు ఆయన్ని తప్పించుకుపోయింది, ఆయనకి తెలియను కూడా తెలియలేదు. నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?"

చదివి మండిపడ్డాను. ఎవడీ మూర్ఖుడు? భార్యని ఇంత భయపెడతాడా? కళ్లకి ఆనించుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాను: "అమ్మా, ఇలాంటివాళ్లకి బతిమాలడం పనికిరాదు. ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఒకటి దాచెయ్యండి. డాక్టరు చూసేదాకా ఇవ్వకండి. అరిచినా, అలిగినా లొంగకండి. చూ. మొండితనం."

మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి కిటికీ పక్కన కుర్చీ లేదు.

"ఏమోయ్! కుర్చీ ఏది?"

వంటింట్లోంచి మిషను చప్పుడు వినిపిస్తోంది. కుర్చీ ఉండాల్సిన చోట నేల మీద ఒక కార్డుంది. లైబ్రరీ కార్డు, నా పెట్టెలోదే. ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివాను. ఆవిడ చేతిరాత. "కుర్చీ – చూ. బట్టల బీరువా."

బీరువా తెరిచాను. కుర్చీ పట్టే చోటా అది? నా చొక్కాల మధ్య ఇంకో కార్డు. "బట్టల బీరువా – చూ. బియ్యం డబ్బా."

బియ్యం డబ్బా మూత మీద: "చూ. బూట్లు."

ఎడం బూటులో: "చూ. కుడి బూటు."

కుడి బూటులోని కార్డుని మూడుసార్లు కళ్లకి దగ్గరగా, దూరంగా పెట్టుకుంటే తప్ప అక్షరాలు కలవలేదు. "కళ్ల డాక్టరమ్మ. బుధవారం, పదిన్నర."

ఆ రోజు బుధవారం. అప్పుడు తొమ్మిదిన్నర.

ఆవిడ చేతిసంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. "బూట్లు ఎలాగూ చేతిలోనే ఉన్నాయి కదా, వేసుకోండి."

"ఇదేం పద్ధతి? నా కుర్చీ దాచడమేమిటి?"

"నేను కాదండీ. పెద్దాయన దాచమన్నాడు." ఫోను తీసి గట్టిగా చదివింది. అరిచినా, అలిగినా లొంగకండి అన్నచోట కాస్త ఆగి, మళ్లీ చదివింది. "ఆయన మాట తప్పంటారా?"

తప్పంటే ఎందుకు తప్పో చెప్పాలి. ఒప్పంటే బయల్దేరాలి. బూట్లు వేసుకున్నాను.

డాక్టరమ్మ గది బయట బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

"మొదటి రోజు నుంచే. జవాబు చివర 'చూ. ఎండ' అని రాసేవాడు భూమ్మీద ఇంకెవడున్నాడండీ? ఆ రోజు టీ ముక్కులోంచి వచ్చింది నాకు."

"సోదరి 12 నువ్వేనా?"

"నేనే."

"సోదరి 30?"

"నేనే."

"ఆ తల్లి?"

"తల్లీ నేనే, గృహిణీ నేనే."

"అయితే నా అభిమానులు..."

"ఒక్కదాన్నే. కానీ గట్టి అభిమానిని."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు? రెండో టీ ఎందుకిచ్చావు?"

ఆవిడ సంచీ పట్టీ సరిచేసుకుంది. "ఇంట్లో అడిగితే ఊఁ అంటారు. అక్కడడిగితే పేజీన్నర రాస్తున్నారు. పెళ్లయి ఇన్నేళ్లకి మొదటిసారి అడిగినవాటికన్నిటికీ జవాబులొస్తుంటే, ఎవరైనా ఆపుకుంటారా?"

నేను ఊఁ అనబోయి, ఆగాను.

రెండు కళ్లలోనూ శుక్లాలు. నెల తేడాతో రెండూ తీశారు. మొదటి కట్టు విప్పిన రోజు ఇంటికొస్తే కిటికీ పక్కన నా కుర్చీ ఉంది. పిన్నిగారింట్లో దాచిందట, మోకాళ్లకి మంచిదని ఆవిడ సంతోషంగా ఒప్పుకుందట. కుర్చీ పక్కనే కుట్టుమిషనూ ఉంది. పుస్తకాల బీరువాని వెనకగదిలోకి జరిపించేసరికి రెండూ హాయిగా పట్టాయి.

"ఇన్నాళ్లూ ఈ సంగతి చెప్పలేదేం?"

"కుర్చీ తీసేద్దామన్నాను. మీరు వద్దన్నారు. బీరువా జరుపుదామని మీరెప్పుడైనా అడిగారా? అడగనిదానికి జవాబు చెప్పడం మీ పెద్దాయన పని, నాది కాదు."

ఆ వెలుతురులో ఆవిడ సూదిలోకి దారం ఎక్కించింది. ఒక్కసారికే. అది నాకు స్పష్టంగా కనిపించింది. పుస్తకాలన్నిటికీ అచ్చు కూడా బాగుపడింది.

అలా రెండేళ్లు పక్కపక్కన కూర్చున్నాం. తక్కువ అనకండి. కిటికీ పక్కన రెండేళ్లంటే చాలా వెలుతురు.

ఇక అసలు సంగతి. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం టీ పెట్టుకున్నాను. నాకు ఒక్క చెంచా చక్కెరే వేసుకోమని మా అమ్మాయి కట్టడి. ఆ వేళ రెండు వేశాను. మూడోదానికి చెంచా పెడితే చక్కెర డబ్బా అడుగు గీసుకుంది. అయిపోయింది. శనివారం దాకా అమ్మాయి రాదు. అరలన్నీ వెతికాను. ఎక్కడా లేదు. చివరికి, సిగ్గు లేకుండా, నేనే చీటీ రాసి పెట్టిన ఆ ఖాళీ డబ్బా ఉంది చూశారూ, "పంచదార – చూ. చక్కెర", దాన్ని దించాను. ఇన్నేళ్లలో నేను దాని మూత తీసింది లేదు. ఖాళీ అని నాకు తెలుసు కదా! ఊపి చూశాను. లోపల ఏదో కదిలింది.

మూత తీస్తే ఒక కార్డు. ఆవిడ చేతిరాత. ఈసారి ముక్కుకి ఆనించక్కర్లేకపోయింది, చేయి చాచి పట్టుకునే చదివాను.

"మూడో చెంచా – చూ. పెద్దాయన 47, 31వ జవాబు."

స్టవ్ కట్టేసి, ఫోను తీసి, సైటులో వెతికాను. ఎవరో ఒకామె, అంటే ఆవిడే, అడిగిన ప్రశ్న కింద నా జవాబు అలాగే ఉంది. "వయసు మళ్లినవారికి టీలో ఒక చెంచా చక్కెరే ఎక్కువ. మూడు చెంచాల భర్తను ఎన్నడూ నమ్మకండి. చక్కెర అయిపోతే అలాంటివాడు ఖాళీ డబ్బాలు కూడా వెతుకుతాడు."

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. అయినా చెంచా కిందపెట్టేశాను.

రెండు చెంచాలతోనే తాగాను. బాగానే ఉంది. తరవాత కార్డు మళ్లీ డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బాని దాని చోట పెట్టేశాను. రేపెవరైనా వెతికితే దొరకాలి కదా.